పేరు వాళ్ళది, ఆట మనది

1997లో విజయవాడలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో సీ లాంగ్వేజి నేర్చుకునేవాణ్ణి. నేర్చుకున్నది తక్కువ, లాబ్‌లో ఆడింది ఎక్కువ. లాబ్ చూసుకునే అన్నయ్య దగ్గర చెప్పుల అట్టపెట్టె నిండా ఫ్లాపీలుండేవి. ఎవరు ఎక్కణ్ణుంచి కాపీ కొట్టి తెచ్చారో ఆయనకే తెలీదు. వాటిలో 'క్వెస్ట్ ఫర్ గ్లోరీ 2: ట్రయల్ బై ఫైర్' అని ఒకటి. సియెర్రా కంపెనీ వాళ్ళు 1990లో చేసిన ఆట. 16 రంగులు. ఎవరితో మాట్లాడాలన్నా, ఏం కొనాలన్నా ఇంగ్లీషులో టైపు చెయ్యాలి. నా ఇంగ్లీషు ఏమాత్రం బాగుపడినా అందులో సగం పుణ్యం ఆ ఆటదే.

కథేంటంటే, మన హీరో షాపీర్ అనే ఎడారి పట్నానికొస్తాడు. అరేబియన్ నైట్స్ వాతావరణం అన్నమాట. చేతిలో బంగారు నాణేలుంటాయి, కానీ అవి ఆ ఊళ్ళో చెల్లవు. ముందు డబ్బు మార్చే ఆవిణ్ణి వెతుక్కోవాలి. ఆవిడుండేది సందుగొందుల్లో. ఆ సందులన్నీ అచ్చం ఒకేలా ఉంటాయి. నేనూ మా ఫ్రెండూ గ్రాఫు పేపరు మీద పెన్సిలుతో గీసుకుంటూ రోజుల తరబడి తిరిగాం. ఆవిడ కనపడలేదు. కోర్సు అయిపోయింది, సర్టిఫికెట్ ఇచ్చి పంపేసారు.

చాలా ఏళ్ళ తర్వాత తెలిసిన సంగతి ఏంటంటే, ఆ ఊరి మ్యాపు ఆట కొన్నవాళ్ళకి డబ్బాలో కాగితం మీద ఇచ్చేవారట. అదే కాపీ ప్రొటెక్షన్! ఫ్లాపీలు కాపీ కొట్టినవాడు సందుల్లో చావాలనే పెట్టారు. సరిగ్గా అలాగే చచ్చాం. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఇంత చల్లగా పైరసీవాడి పని పట్టిన పద్ధతి నేను మళ్ళీ చూళ్ళేదు.

ఆ ఊళ్ళోంచి నేను బయటపడింది 2008లో. బయటపడేసింది సియెర్రా కాదు. ఆ ఆట మీద ప్రేమ తప్ప ఏ హక్కూ లేని కొంతమంది అభిమానులు ఏళ్ళ తరబడి కూర్చుని మొత్తం ఆటని మళ్ళీ తయారుచేసి, ఊరికే ఇచ్చారు. ఇవాళ ఈ టపా వాళ్ళ గురించి, వాళ్ళలాంటి వాళ్ళ గురించి. దాంతోపాటు మన ఆఫర్ లెటర్ల గురించి కూడా. సంబంధం ఏంటంటారా? వస్తున్నా.

ముందు ఈ ఆటల గురించి రెండు ముక్కలు. కోరీ కోల్, లోరీ కోల్ అనే దంపతులు 1989లో మొదటి భాగం చేసారు. అప్పటిదాకా అడ్వెంచర్ ఆటలు వేరు, రోల్ ప్లేయింగ్ ఆటలు వేరు. ఒకదాంట్లో బుర్రపెట్టి చిక్కుముడులు విప్పాలి, రెండోదాంట్లో కత్తి తిప్పి పాయింట్లు పెంచుకోవాలి. వీళ్ళు రెండూ కలిపేసారు. మొదట్లోనే నువ్వు యోధుడివా, మాంత్రికుడివా, దొంగవా అని అడుగుతుంది. ఏ సమస్యకైనా ముగ్గురికీ తలొక దారి ఉంటుంది. పైగా ఏ పని చేస్తే అదే పెరుగుతుంది. చెట్టెక్కడం రావాలంటే చెట్టెక్కుతూనే ఉండాలి, ఎన్నిసార్లు పడ్డా సరే. రాళ్ళు విసిరితే విసరడం వస్తుంది. రాత్రి పగలు ఉంటాయి, ఆకలేస్తుంది, నిద్రొస్తుంది. అన్నిటికన్నా నాకు నచ్చిందేంటంటే, ఒక భాగం పూర్తయ్యాక మన హీరోని ఒక ఫైల్లోకి ఎక్స్‌పోర్ట్ చేసుకుని తర్వాతి భాగంలోకి తీసుకెళ్ళొచ్చు. అయిదు భాగాలకీ ఒకడే మనిషి. 1989లో మొదలెట్టినవాడు 1998లో అయిదో భాగందాకా అదే హీరోని మోసుకెళ్ళొచ్చన్నమాట.

ప్రోగ్రామర్లకని దాచిపెట్టిన చమత్కారాలు కూడా ఉన్నాయి. రెండో భాగంలో యోధుల సంఘం పేరు ఎటర్నల్ ఆర్డర్ ఆఫ్ ఫైటర్స్. మొదటి అక్షరాలు కలిపి చదవండి, ఈఓఎఫ్! మాంత్రికుల కాలేజీ పేరేమో విజార్డ్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నోసరీ, అంటే విట్. అందులో ఎంట్రన్సు పరీక్షలన్నీ పాసై సీటొచ్చిందని సంబరంగా చేరిపోయారనుకోండి, ఆట అక్కడితో ఖతం. ఊరిని భూతాలకి వదిలేసి చదువుకుంటూ కూర్చున్నట్టు లెక్క. ఎమ్మెస్ సీటుకోసం చూస్తున్న మా బ్యాచివాళ్ళకి ఈ సంగతి అప్పట్లో తెలిసుంటే బావుండేది.

సరే, తర్వాతేమైందంటే, 1996లో సియెర్రాని సీయూసీ అనే కంపెనీ కొనేసింది. 1999 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో ఓక్‌హర్స్ట్‌లోని అసలు ఆఫీసు మూసేసారు. పాత ఉద్యోగులు ఆ రోజుని ఇప్పటికీ 'చెయిన్‌సా మండే' అంటారు. ఆటల హక్కులు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి. సీయూసీ కాస్తా సెండంట్ అయింది, అక్కణ్ణుంచి ఫ్రాన్సు వివెండీకి, 2008లో యాక్టివిజన్‌కి, 2023లో మైక్రోసాఫ్ట్‌కి. మన భాషలో చెప్పాలంటే కేటీ లేకుండా వెండర్లు మారిన ప్రాజెక్టు. కాగితాలు అందరి దగ్గరా ఉన్నాయి, తెలిసినవాడు ఎవరి దగ్గరా లేడు.

క్వెస్ట్ ఫర్ గ్లోరీ మొదటి భాగాన్ని సియెర్రావాళ్ళే 1992లో 256 రంగులతో, మౌసుతో మళ్ళీ చేసారు. మూడు, నాలుగు ఎలాగూ కొత్త పద్ధతిలోనే వచ్చాయి. పాతగా మిగిలిపోయింది రెండోదొక్కటే. ఆ ఖాళీయే అభిమానుల కళ్ళలో పడింది.

వాళ్ళు మొదట పెట్టుకున్న పేరు టియెర్రా. తర్వాత ఏజీడీ ఇంటరాక్టివ్‌గా మార్చుకున్నారు. ఏజీడీ అంటే అనానిమస్ గేమ్ డెవలపర్స్. పెద్దతలకాయలు ఇద్దరూ చాలాకాలం అసలు పేర్లే బయటపెట్టలేదు. 2001లో కింగ్స్ క్వెస్ట్ మొదటి భాగం రీమేక్, 2002లో రెండో భాగం ఇచ్చారు. రెండోదాంట్లో కథని కూడా చాలామట్టుకు తిరగరాసి పాతదానికన్నా బాగా చేసారు. ఆ తర్వాత ట్రయల్ బై ఫైర్ మీద పడ్డారు. అది 2008 ఆగస్టుకి గానీ అవలేదు.

అన్నేళ్ళు ఎందుకు పట్టిందో ఆడితే తెలుస్తుంది. బొమ్మలన్నీ కొత్తగా గీసారు. పోట్లాట పద్ధతి మొత్తం మార్చేసారు. పాతవాళ్ళకి బెంగ రాకుండా టైపు చేసే పద్ధతి కూడా ఉంచారు, కావాలంటే పెట్టుకోవచ్చు. సందులు కూడా అంతే. పాత చిక్కు సందులే కావాలంటే అవే, నాలాంటివాడికి సులువు సందులు. (ఆ ఆప్షన్ చూసినప్పుడు నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి, నవ్వకండి.) ఇక ఇంజినీరుగా నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది హీరో ఫైలు. మొదటి భాగం నుంచి సియెర్రా ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలుని ఇది చదువుతుంది, అయిపోయాక సియెర్రా మూడో భాగం చదవగలిగే ఫైలుని రాస్తుంది. ముందూ వెనకా సోర్సు కోడ్ లేని రెండు ప్రోగ్రాములు, మధ్యలో వీళ్ళ ముక్క. ఇంటిగ్రేషన్ ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అదీ జీతం లేకుండా, యూఏటీకి క్లయింటు లేకుండా.

ఇదంతా ఏజీఎస్ అనే పనిముట్టుతో చేసారు. అడ్వెంచర్ గేమ్ స్టూడియో. క్రిస్ జోన్స్ అనే బ్రిటన్ ప్రోగ్రామరు 1997లో డాస్ కోసం రాసి పెట్టాడు, తర్వాత ఓపెన్ సోర్స్ అయింది. ఈ టపాలో నేను చెప్పే అభిమానుల ఆటల్లో చాలావరకు దాంట్లో చేసినవే.

ఇంతవరకు అంతా బావుంది. ఇప్పుడు నా అభ్యంతరం.

ఏజీడీవాళ్ళ పని బతికి బట్టకట్టడానికి కారణం, డబ్బు తీసుకోనంతవరకు చేసుకోండి అని వివెండీ అనుమతివ్వడం. అంటే మరొకరి దయ. ఆ దయ ఎలా ఉంటుందో తెలియాలంటే 'ద సిల్వర్ లైనింగ్' కథ చూడాలి. అది కింగ్స్ క్వెస్ట్‌కి అభిమానులు రాసుకున్న కొనసాగింపు. 2005లో వివెండీ ఆపమంది, అభిమానులు గోల చేస్తే పేరులోంచి కింగ్స్ క్వెస్ట్ తీసేసి చేసుకోమంది. వాళ్ళు చేసుకుంటూ పోయారు. ఈలోపు ఓనరు మారాడు. 2010 ఫిబ్రవరిలో యాక్టివిజన్ మళ్ళీ ఆపమంది. అన్నేళ్ళ పని ఒక్క ఉత్తరంతో బుట్టదాఖలు. మళ్ళీ గోల, మళ్ళీ బతిమాలుడు, జూన్‌లో సరేనన్నారు, జూలైలో మొదటి భాగం బయటికొచ్చింది. 2011లో నాలుగో భాగం వచ్చింది. అయిదోది, అంటే కథ ముగింపు, రాలేదు.

పనోళ్ళు ఎంత మంచివాళ్ళయినా, స్థలం మనది కానప్పుడు ఇల్లు కట్టడం ఇలాగే ఉంటుంది. నేను యాక్టివిజన్‌ని తిట్టబోవడం లేదు. చట్టప్రకారం వాళ్ళది వాళ్ళిష్టం. నేననేది, ఆ స్థలంలోనే కట్టాల్సిన అవసరం ఉందా అని.

ఎందుకంటే ఈ ఆటలో మనల్ని పట్టేసిందేంటో విడదీసి చూడండి. మూడు రకాల హీరోలు, ఒక్కొక్కడికీ తలొక దారి. చేస్తేనే పెరిగే నైపుణ్యం. రాత్రి పగలు. నిప్పు భూతం వచ్చేస్తుందనే కంగారు. నాసిరకం జోకులు. వీటిలో ఏదీ ఎవడి సొత్తూ కాదు. మన సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చి చెప్పింది, ఆలోచనకీ కథావస్తువుకీ ఇతివృత్తానికీ కాపీరైట్ ఉండదు, దాన్ని వ్యక్తపరచిన తీరుకే ఉంటుంది అని. ఒక నాటకం నుంచి సినిమా తీసారన్న గొడవది. మన మాటల్లో, ఇంటర్‌ఫేస్ తీసుకో, ఇంప్లిమెంటేషన్ నువ్వు రాసుకో. (ఇంటర్‌ఫేస్‌ల మీద కూడా అమెరికాలో పదేళ్ళు కోర్టుల్లో కొట్టుకున్నారనుకోండి, అది వేరే టపా.)

అసలు సియెర్రాకే ఈ పాఠం తగిలింది. మొదటి భాగం 1989లో వచ్చినప్పుడు దాని పేరు 'హీరోస్ క్వెస్ట్'. మిల్టన్ బ్రాడ్లీ వాళ్ళ హీరోక్వెస్ట్ అనే బోర్డు గేముతో పేరు తగాదా వచ్చి క్వెస్ట్ ఫర్ గ్లోరీగా మార్చుకోవాల్సొచ్చింది. పేరు పోయింది, ఆటకి వీసమెత్తు నష్టం జరగలేదు.

ఈ దారి పట్టినవాళ్ళున్నారు. 'హీరోయిన్స్ క్వెస్ట్' అని 2013లో క్రిస్టల్ షార్డ్ వాళ్ళు చేసారు. అది కూడా ఉచితమే. అందులో హీరో బదులు హీరోయిన్. నార్వే వైపు పురాణగాథలు, రాగ్నరోక్ ప్రళయం, మంచు భూతాలు. చలికి గడ్డకట్టి చచ్చిపోతాం, అందుకని మంట దగ్గరికి చేరాలి, తిండి చూసుకోవాలి. క్వెస్ట్ ఫర్ గ్లోరీ ఆడినవాడికి అయిదు నిమిషాల్లో పుట్టింటికొచ్చినట్టుంటుంది. కానీ సియెర్రా వాళ్ళ బొమ్మ ఒక్కటీ లేదు, మనిషి ఒక్కడూ లేడు. దాన్ని ఆపమని ఎవడూ ఉత్తరం రాయలేడు.

'క్వెస్ట్ ఫర్ ఇన్‌ఫమీ' ఇంకో రకం. ముందు సియెర్రా ఆటల రీమేకులు చేసిన బృందమే 2012లో కిక్‌స్టార్టర్‌లో చందాలడిగి 2014లో విడుదల చేసింది. ఇందులో మనం మంచివాళ్ళం కాదు. హీరో కావాలన్న కోరికే లేని పోకిరీ రోము వీడు. అలాగే ఏజీడీవాళ్ళే హిమాలయ స్టూడియోస్ అనే పేరుతో 'మేజెస్ ఇనీషియేషన్' చేసి 2019లో అమ్మారు. ఇక కోల్ దంపతులే స్వయంగా 'హీరో-యూ' చేసి 2018లో విడుదల చేసారు. ఆ పేరెందుకు? క్వెస్ట్ ఫర్ గ్లోరీ పేరు వాళ్ళది కాదు కాబట్టి! కన్నవాళ్ళకే ఆ పేరు దక్కనప్పుడు మనం దాన్ని పట్టుకు వేలాడ్డం ఎందుకు?

మీరు అడగబోయేది నాకు తెలుసు. ఆ పేరు లేకపోతే నువ్వు 2008లో డౌన్‌లోడ్ చేసేవాడివా అని. చేసేవాణ్ణి కాదు. ఒప్పుకుంటున్నా. రీమేకులు చేసి చెయ్యి తిరిగితేనే వాళ్ళు సొంతవి చెయ్యగలిగారు, అదీ నిజమే. నాకు సందుల్లోంచి దారి చూపించింది కూడా రీమేకే. అందుకని రీమేకులు వద్దనను. కానీ మీరు ఆఫీసయ్యాక రాత్రి పదింటికి కూర్చుని చేసే పని పదేళ్ళు నిలవాలంటే, మీ పేరుమీదే చేసుకోండి అంటాను. ఇది ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, నేను చేసిన తప్పు అదే.

2006లో హైదరాబాదులో నేనూ మా రూమ్మేటూ ఏజీఎస్‌లో ఒక ఆట మొదలెట్టాం. ఆలోచన వాడిది. "ఒరేయ్, షాపీర్‌లో పని అయిపోయాక వాణ్ణి ఓడెక్కించి మచిలీపట్నం రేవులో దింపుదాం రా" అన్నాడు. గోల్కొండ నవాబుల కాలంలో పారశీక దేశం నుంచి బందరుకి నిజంగానే ఓడలొచ్చేవి కదా, కాబట్టి మరీ గాలి కబురు కూడా కాదు. రేవు, కలంకారీ అద్దకంవాళ్ళ వీధి, వజ్రాల దళారులు, తుపాను. నాలుగు భూతాల్లో నీటి భూతం మాకు కలిసొచ్చింది, బందరువాళ్ళకి ఉప్పెన గురించి వేరే చెప్పాలా? అప్పట్లో ఏజీఎస్‌కి యూనికోడ్ రాదు. అందుకని తెలుగు డైలాగులన్నీ బొమ్మలుగా చేసి పెట్టాం. ఒక్క అక్షరం తప్పు దొర్లితే మళ్ళీ బొమ్మ చెయ్యాలి. పధ్నాలుగు సీన్లు పూర్తయ్యాయి. హీరో మాత్రం సియెర్రా హీరోనే, సత్రం నడిపే పిల్లిమూతి మనుషులు సియెర్రావాళ్ళే, పేరు కూడా క్వెస్ట్ ఫర్ గ్లోరీ అనే పెట్టాం.

అప్పుడు నేను పనిచేసే కంపెనీలో ఎవరో నా మెషీన్లో ఆ బొమ్మలు చూసారు. (ఆఫీసు మెషీన్లో పెట్టడం నాదే బుద్ధితక్కువ, అదీ ఒప్పుకుంటున్నా.) హెచ్చార్ నుంచి పిలుపొచ్చింది. ఆవిడ మర్యాదగానే మాట్లాడారు. "మీ ఆఫర్ లెటర్ చదివే సంతకం పెట్టారు కదండీ?" అన్నారు. చదవలేదు. మీరు చదివారా? అందులో ఉద్యోగంలో ఉన్నంతకాలం, పని వేళల్లోగానీ బయటగానీ, ఆఫీసు పనికి సంబంధం ఉన్నా లేకపోయినా, నేను తయారుచేసిన ప్రతిదీ కంపెనీ సొత్తు అని ఉంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ అంత అడగదు. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికే, అదీ వేరే ఒప్పందం లేకపోతే, యజమాని హక్కుదారు అంటుంది. రాత్రీ పగలూ రెండూ కావాలన్నది ఆ ఆఫర్ లెటరే. చట్టం ముందు అంత పొడుగు క్లాజు నిలబడుతుందో లేదో లాయర్ని అడగాలి, కానీ కొత్త ఉద్యోగంలో ఉన్న ఇరవై ఎనిమిదేళ్ళవాడు లాయరు దగ్గరికి వెళ్ళడు. నేనూ వెళ్ళలేదు.

ఇక్కడే తమాషా. నా వాదన నేను వినిపించుకోవాలంటే "ఇది నాదండీ" అనాలి. ఎలా అంటాను? హీరో నావాడు కాదు, పేరు నాది కాదు. అది కంపెనీదీ కాదు, నాదీ కాదు, ఫ్రాన్సులో ఎవరిదో. ఆవిడ అదే అడిగారు, "ఇది మీ సొంతమేనా, ఎక్కణ్ణుంచైనా తీసుకున్నారా" అని. నోరు పెగల్లేదు. ఆ రాత్రే సీడీలోకి రాసి మెషీన్లోంచి తుడిచేసాను. రూమ్మేటు వారం రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత వాడు డాలస్ వెళ్ళిపోయాడు. అనానిమస్ గేమ్ డెవలపర్స్ అని పేరెందుకు పెట్టుకున్నారో వాళ్ళ కారణాలు వాళ్ళవి, నాకు మాత్రం ఆ పేరు మీద ఆ రోజు నుంచీ ప్రత్యేక గౌరవం.

అందుకే మీలో ఎవరికైనా రాత్రిళ్ళు చేసుకునే పనుంటే, ఆట కానీ, నిఘంటువు కానీ, ఇంకోటి కానీ, ముందు ఆ క్లాజు తీసి చదవండి. సొంత మెషీన్లోనే పెట్టుకోండి. మొదలెట్టేముందే హెచ్చార్‌కి ఒక మెయిల్ కొట్టి రాతపూర్వకంగా ఒప్పించుకోండి. ఇప్పుడున్న చోట నేను అడిగితే రెండు లైన్ల జవాబుతో సరేనన్నారు. అడగడానికి నాకు పదమూడేళ్ళు పట్టింది!

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఆ సీడీ దొరికింది. చదవదేమో అనుకున్నా, చదివింది. డాలస్‌కి ఫోన్ చేసాను. "సియెర్రావి ఎన్నున్నాయో గ్రెప్ కొట్టి చూడు" అన్నాడు వాడు. కొట్టాను. హీరో, సత్రంలో పిల్లిమూతి దంపతులు, పేరు. అంతే, మూడు! రేవు మాది, అద్దకం వీధి మాది, తుపాను మాది, దళారి చెప్పే అబద్ధాలు కూడా మావే. ఆ మూడింటి కోసం పధ్నాలుగు సీన్లు అన్నేళ్ళు సీడీలో పడున్నాయి.

ఇప్పుడు హీరో బదులు ఓడ సరంగు కూతురు. సత్రం నడిపేది ఒక పెద్దావిడ, పప్పులో ఉప్పెక్కువేస్తుంది. పేరింకా పెట్టలేదు, డాలస్‌వాడికీ నాకూ కుదరడం లేదు. ఏజీఎస్ కొత్త వెర్షన్లకి యూనికోడ్ వచ్చింది గానీ మేం మాత్రం పాత బొమ్మల డైలాగులే దిద్దుకుంటున్నాం. మొదటి సీన్లో రేవు పక్కన మామిడిచెట్టుంది, రాయి విసిరి కాయ కొట్టాలి. నైపుణ్యం 25 దాటితేగానీ పడదు. మా అమ్మాయి నిన్న రాత్రి 11 దగ్గరుంది. "నాన్నా, ఇది బోరు, చీట్ కోడ్ పెట్టు" అంటోంది. పెట్టలేదు.